ఈనె కోసిన చోట

ఆదివారం. పర్లాకిమిడిలో మూడు రోజులుగా ముసురు.

పొద్దున్న పాలు పొయ్యి మీద పెట్టి, అలవాటుగా వంటింటి కిటికీ గట్టు మీదున్న డబ్బా మూత ఎత్తాను. లోపలి వైపు పట్టిన నీటి బొట్లు చేతి మీద రాలాయి. కొత్త మొక్కలు మొలుస్తాయని నలభై మూడు రోజుల కిందట అందులో పరిచిన రెక్స్ బిగోనియా అనే రంగురంగుల ఆకుల మొక్క ఆకు మీద, నడిమి ఈనెని అడ్డంగా కోసిన చోట, ఆవగింజంత ఎర్రటి ముద్ద ఒకటి కనబడింది. ముందు మట్టి అంటుకుందేమో అనుకున్నాను. కళ్ళజోడు తెచ్చుకుని చూస్తే దాని మీద సన్నటి తెల్లటి నూగు ఉంది. పక్కన ఇంకోటి. ఇంకో ఈనె మీద రెండు. లెక్కపెడితే ఏడు. ఈలోగా పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.

"మావయ్యా, వచ్చాయి!" అని వంటింట్లోంచే కేకేశాను. వీధి అరుగు మీంచి మా మావగారు "ఎవరమ్మా వచ్చింది?" అన్నారు.

ఈ మొక్క మా ఇంట్లో నిలవడానికి మూడేళ్ళు పట్టింది. మొదటిది బరంపురం వెళ్ళినప్పుడు ఓ నర్సరీలో కొన్నాను. అరచేయంత ఆకు, మధ్యలో ముదురు ఊదా, చుట్టూ వెండి పట్టీ, అంచుకి మళ్ళీ ఊదా. బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాను. తులసికి పోసినట్టు రోజూ పొద్దున్నే దానికీ ఒక చెంబు పోశాను. ఇరవై రోజులకి కాడలు మొదట్లో మెత్తబడి ఒక్కొక్కటీ ఒరిగిపోయాయి. వాడిపోతోంది కదా అని ఇంకా పోశాను. కుండీ తిరగేస్తే వేళ్ళు లేవు, గోధుమరంగు గుజ్జు ఉంది. ఆకు వాలితే నీళ్ళు చాలక అనుకుంటాం. వేళ్ళు కుళ్ళినా అలాగే వాలుతుంది, ఎందుకంటే కుళ్ళిన వేరు నీళ్ళు పీల్చలేదు. ఆ తేడా తెలియడానికి నాకు ఒక మొక్క ప్రాణం పోవాల్సి వచ్చింది.

రెండోది మే నెలలో ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఆరు రోజులు అట్టపెట్టెలో ఉడికి వచ్చింది. దాని సంగతి రాయడానికి ఏమీ లేదు.

మూడోదాని విషయంలో మాత్రం ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. బిగోనియాకి గాలిలో తేమ కావాలని ఎక్కడో చదివి, ఆకుల మీద నీళ్ళు చల్లాలని అర్థం చేసుకున్నాను. పూటపూటా స్ప్రే కొట్టాను. వర్షాకాలం చివర్లో ఆకుల మీద ముగ్గుపిండి చల్లినట్టు తెల్లటి మచ్చలు లేచాయి. బూజు తెగులు. ఆ ఆకుల మీద నూగుంటుంది, పడిన నీటిబొట్టు జారదు, ఆరదు. గాలి ఆడని మూలలో పెట్టడం ఇంకో తప్పు. గాలిలో తేమ వేరు, ఆకు మీద తడి వేరు. ఇప్పుడైతే వెడల్పాటి పళ్ళెంలో గులకరాళ్ళు పోసి, రాళ్ళు మునగనంత నీళ్ళు పోసి, కుండీని వాటి మీద పెడుతున్నాను. కుండీ అడుగు నీళ్ళకి తగలదు, చుట్టూ గాలి మాత్రం చెమ్మగా ఉంటుంది. మొక్కకీ మొక్కకీ మధ్య చెయ్యి పట్టేంత ఖాళీ వదులుతున్నాను.

నీళ్ళకి ఇప్పుడు నా కొలత చేతి బరువే. కుండీ ఎత్తి చూస్తాను. బరువుగా ఉంటే కిందపెట్టి వెళ్ళిపోతాను. తేలిగ్గా ఉండి, వేలు దూరిస్తే పైన ఒక కణుపు లోతు పొడిగా ఉంటేనే పోస్తాను. ఈ ముసురుకి పది రోజులైనా ఆరని కుండీలు ఉన్నాయి. రోజూ చూస్తూ కూడా పోయకుండా ఉండటం నాకు చాలా కష్టమైన పని. పిల్లలకి ఆకలి లేదన్నా ఇంకో ముద్ద పెట్టే చెయ్యి కదా.

ఇప్పుడున్న ఈ నాలుగో మొక్కని వెడల్పుగా, లోతు తక్కువగా ఉన్న మట్టికుండీలో పెట్టాను. దీని వేళ్ళు జుట్టులా సన్నం, లోతుకి పోవు. రెక్స్ రకానికి అల్లం కొమ్ములాంటి దుంప మట్టి మీద పాకుతుంది, దాన్ని పూర్తిగా పూడిస్తే కుళ్ళుతుంది. మొన్న బజారులో కొండల నుంచి వచ్చిన సవర ఆడవాళ్ళ దగ్గర అల్లం కొంటుంటే, కణుపు కణుపుకీ మొలక కన్ను కనబడింది. బిగోనియా దుంపని కూడా అలాగే కన్ను ఉన్న చోట ముక్కలుగా కోసి నాటుకోవచ్చు. కానీ ఉన్న ఒక్క మొక్క దుంపని కోయడానికి నాకు చేతులు రాలేదు. అందుకే ఆకు.

ఆకుని కోసింది నేను కాదు, మా మావగారు.

ఆయన వయసులో ఉన్నప్పుడు ఈ ఊరి కొమ్ము పని నేర్చుకుని చాలాకాలం చేశారు. పశువుల కొమ్ముని వేడికి మెత్తబరిచి వంచి, ఆకురాయితో అరగదీసి, నునుపు పెట్టి కొంగలు, రొయ్యలు చేసేవారు. ఒకటి రెండు కొంగలు మా బీరువాలో ఇంకా ఉన్నాయి, మెడ దగ్గర దీపానికి అడ్డం పెడితే వెలుతురు కనిపించేంత పల్చన. ఇప్పుడు చూపు తగ్గింది, చెయ్యి మాత్రం వణకదు.

ఆ రోజు నేను కూరలు తరిగే చాకు పట్టుకుని కూర్చుంటే, "ఏటమ్మా అది, వంకాయ కోస్తన్నావా?" అని తన పెట్టెలోంచి సన్నపాటి కత్తి తీశారు. దాన్ని వేడినీళ్ళలో ముంచి తుడిచి ఇచ్చాను. ఆకు మరీ ముదురు కాకుండా, మరీ లేత కాకుండా చూసి తీసుకున్నదే. వెల్లకిలా తిప్పితే కింద ఈనెలు ఎత్తుగా, ఎర్రగా, ముసలి చేతి మీది నరాల్లా ఉన్నాయి. లావు ఈనెలు చీలే చోట్ల, రూపాయి బిళ్ళంత ఎడంగా, ఒక్కో గాటు పెట్టాలని చెప్పాను. ఆయన ఆకుని పలక మీద పెట్టి, ఎడమ చేతి బొటనవేలితో తడిమి ఈనె ఎక్కడుందో పట్టుకుని, కత్తి మొన ఆనించి ఒక్కసారి లాగారు. చప్పుడు లేదు.

"తెగాలి గానీ నలగకూడదమ్మా. నలిగిందంటే అక్కణ్ణించి కుళ్ళు పడతాది. కొమ్మైనా అంతే."

నేను చదివిన దాంట్లో కూడా అదే ఉంది, కానీ ఆయన చెప్పాక వేళ్ళకి అర్థమైంది. మొద్దుకత్తి పెడితే చుట్టుపక్కల కణాలు చితికి బూజుకి దారి ఇస్తాయి. పదునైన గాటు దగ్గర మాత్రం కణాలు తమ పాత పని మానేసి, మళ్ళీ మొదటి నుంచి విభజన మొదలుపెడతాయి. ఆకుగా పుట్టినది వేరు వేస్తుంది, మొగ్గ వేస్తుంది. అన్ని మొక్కల ఆకులూ ఇది చేయలేవు. మామిడాకుని నెల రోజులు తడిమట్టిలో పెట్టినా మామిడి మొక్క రాదు.

కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు, రెండు వంతులు, బాగా కడిగిన ఏటి ఇసుక ఒక వంతు. పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధారగా రాకూడదు. మిఠాయి వచ్చిన పారదర్శకం డబ్బాలో అది పరిచి, ఆకుని కోసిన వైపు కిందికి వచ్చేలా పెట్టి, ఈనెలు మట్టిని వదలకుండా చీపురు పుల్లలు మడిచి గుచ్చాను. మూత పెట్టి, ఎండ సూటిగా పడని ఈ తూర్పు కిటికీ దగ్గర ఉంచాను. రోజుకోసారి పది నిమిషాలు మూత తీసి గాలి ఇవ్వడం తప్ప ఇంకేమీ చెయ్యలేదు. మూడో వారంలో ఆకు ఒక అంచు నల్లబడితే ఆ మేరకు కత్తిరించి పారేశాను. టెన్షన్ పడ్డాను, మళ్ళీ పోయిందేమోనని.

మావయ్య లోపలికి వచ్చి భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. ఆయన చూసింది మొలకల్ని కాదు, ఆకు మీద వెండి పట్టీని. "ఇది రంగు కాదమ్మా, లోపల్నుంచి వస్తంది" అన్నారు. నిజం. ఆ వెండి రంగు ఏ రంగుపదార్థం వల్లా రాదు. ఆకు పైపొరకీ కింద ఉన్న పచ్చటి పొరకీ మధ్య సన్నటి గాలి ఖాళీలు ఉంటాయి, వెలుతురు వాటి మీద పడి తిరిగి వస్తుంది. కొమ్ముని నునుపు పెట్టినవాడి కంటికి ఆ తేడా ఇట్టే తెలిసింది. మలేషియా అడవి నీడల్లో పెరిగే పావొనీనా అనే బిగోనియా ఆకులు నీలంగా మెరుస్తాయని, మసక వెలుతురుని ఎక్కువగా పట్టుకునేలా దాని ఆకులోని పచ్చరేణువుల లోపలి పొరలు ఒక వరసలో పేర్చి ఉన్నాయని 2016లో బ్రిటన్ పరిశోధకులు తేల్చారని ఆయనకి చెప్పాను. "నీలం ఆకా!" అని భూతద్దం నా చేతికిచ్చి కూర్చున్నారు.

రెక్స్ మనకి పరాయి మొక్క కాదు. అస్సాం వైపు అడవుల్లోది. 1857లో యూరప్‌లో దానికి పేరు పెట్టారు. ఇవాళ నర్సరీల్లో రెక్స్ అని అమ్మేవి దాదాపు అన్నీ దానితో వేరే జాతులు కలిపి పుట్టించిన సంకరాలు. అందుకే గింజ వేస్తే తల్లి రంగు రాదు, ఆకు నుంచి తీస్తే అచ్చం తల్లే వస్తుంది. బిగోనియా అన్న పేరు ఇంకా పాతది, ప్లూమియే అనే ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు మిషెల్ బెగాన్ అనే అధికారి పేరు మీద పెట్టాడు. రెండు వేలకి పైగా జాతులున్నా చాలావాటి ఆకు ఒక పక్క పెద్దది, ఒక పక్క చిన్నదే, ఏనుగు చెవిలా. ఇవాళ్టి ఆవగింజల్లో ఒకటి విచ్చుకోవడం మొదలుపెట్టింది. గోరంత కూడా లేని ఆ మడతలోనే ఎడమ పక్క కుడి పక్క కంటే పెద్దదిగా ఉంది. దాన్ని చూసి కళ్ళు చెమర్చాయి.

మధ్యాహ్నం పక్కింటి మావుసీ చల్లపులుసు గిన్నె తిరిగివ్వడానికి వచ్చింది. మా వీధిలో సగం ఒడియా, సగం తెలుగు. 1936లో ఊరు ఒడిశాలో కలిసింది గానీ గోడ మీది నుంచి అరువులు అడిగే భాష మాత్రం రెండూ కలిపినదే. ఆవిడ దగ్గర వెదురులా కణుపులున్న పొడుగు రకం బిగోనియా ఉంది, ఆకుల మీద తెల్లటి చుక్కలు, గులాబి పూలు గుత్తులుగా వేలాడతాయి. "పూలు ఊరికే రాలిపోతున్నాయి, ఏదైనా జబ్బా?" అని అడిగింది. గోడ దగ్గరికి వెళ్ళి చూపించాను. ఒకే మొక్క మీద మగపూలు వేరు, ఆడపూలు వేరు. రాలేవి మగపూలు. ఆడపూవు వెనక మూడు రెక్కల పిందె ఉంటుంది, అది చాలా రోజులు నిలుస్తుంది. జబ్బేమీ లేదు. "భలొ, భలొ" అని ఊపిరి పీల్చుకుంది.

ఆ రకానికి ఆకు పరిచి లాభం లేదు, కొమ్మే పెట్టాలి. రెండు మూడు కణుపులున్న కొమ్మ కోసి ఇచ్చింది. కింది ఆకు తీసేసి, ఒక కణుపు మునిగేలా గాజు గ్లాసులో నీళ్ళలో పెట్టాను. రెండు మూడు వారాల్లో వేళ్ళు వస్తాయి. నీళ్ళు మాత్రం రెండు రోజులకోసారి మార్చాలి. బదులుగా మావుసీకి ఏమివ్వాలా అని చూస్తే డబ్బాలోవి ఇంకా ఆవగింజలే. ఒక్కోదానికి రెండు మూడు ఆకులు వచ్చి, సొంత వేళ్ళు పట్టి, తల్లి ఆకు కరిగిపోయాక విడదీయాలి. దసరా దాటుతుంది. "ఒకటి మీది మావుసీ, దసరా దాటాక" అన్నాను.

సాయంత్రం కరెంటు పోయింది. దీపం పట్టుకుని ఇంకోసారి మూత ఎత్తాను. కోకోపీట్ పైపైన కాస్త పాలిపోయి కనబడింది. చెంబు చేతిలోకి తీసుకున్నాను కూడా. డబ్బా ఎత్తి చూస్తే బరువుగానే ఉంది. చెంబు పక్కన పెట్టి, ఒక చీపురు పుల్ల విరిచి మూతకి అడ్డం పెట్టాను, రేపటి నుంచి ఆ సందులోంచి కొంచెం కొంచెం బయటి గాలి అలవాటు కావాలి.

మావయ్య చీకట్లోంచి అడిగారు, "నీళ్ళు పోసినావా అమ్మా?"

"లేదు మావయ్యా."