ఏప్రిల్ 15 దగ్గర తప్పిన లెక్క

నా థీసిస్ కోసం విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో కొన్ని బోట్లు రోజుకు ఎన్ని కిలోల చేప దించాయో మూడేళ్ల లెక్క సేకరించాను. జెట్టీ మీద పుస్తకం రాసే బాబాయ్ దగ్గర కూర్చుని ఎక్కించుకున్నాను. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఆ రోజులకు నేను సున్నాలు పెడుతుంటే బాబాయ్ ఆపేశాడు.

"సున్నా ఏస్తావేటమ్మా? సున్నా అంటే బోటు ఎల్లింది, చేప పడలేదని. ఇక్కడ బోటు ఎల్లనే లేదు కదా."

నిజమే. ఆ గడులు ఖాళీగా వదిలేశాను. గణాంకాల లెక్కలకు నేను వాడే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఖాళీకి ఎన్ఏ (వివరం లేదు) అని గుర్తు ఉంది, దిగుల్లేదు అనుకున్నాను.

అసలు పని ఏమిటంటే, రోజుల వరుసను ముక్కలు చేసి, కలగలిపి పదివేల సార్లు మళ్లీ పేర్చి, ప్రతిసారీ ఏడేసి రోజుల మొత్తాలు కట్టాలి. ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే ఫర్ లూపు, దానిలో ఇంకో ఫర్ లూపు, అందులో ఇంకోటి. రన్ నొక్కి, పెద్ద వాల్తేరులో మా ఇంటి నుంచి బీచ్ రోడ్డు దాకా నడిచి తిరిగొచ్చినా అది ఇంకా తిరుగుతూనే ఉండేది. ఆర్ పద్ధతిలో లూపులు లేకుండా రాస్తే సగం బాధ తీరేదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం గైడ్‌గారు "ఆ ఒక్క ముక్క సి ప్లస్ ప్లస్‌లో రాసి ఆర్ నుంచి పిలువు" అన్న మాటే పట్టుకున్నాను. సి ప్లస్ ప్లస్ ఇలాంటి లూపులను చాలా వేగంగా నడిపే ఇంకో భాష.

వేరే భాషను పిలవడం ఆర్‌కి కొత్తగా తగిలించిన తోక అనుకునేదాన్ని. కాదట. దాని పూర్వీకురాలు ఎస్ భాషను 1976లో బెల్ ల్యాబ్స్‌లో జాన్ చాంబర్స్ బృందం మొదలుపెట్టిందే ఫోర్‌ట్రాన్ అనే పాత భాషలో రాసిన లెక్కల ముక్కలను కూర్చున్నచోటి నుంచి సులువుగా వాడుకోవడానికి. ఆ తర్వాత ఆక్లాండ్‌లో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ చేసిన ఆర్ లోపల కూడా చాలా భాగం సి, ఫోర్‌ట్రానే. సి ప్లస్ ప్లస్‌కి దారి వేసింది ఆర్‌సీపీపీ అనే ప్యాకేజీ, అంటే ఆర్‌కి తగిలించుకునే అదనపు సాధనం. డర్క్ ఎడెల్‌బ్యూటెల్, రొమైన్ ఫ్రాంస్వా పేర్లు దానితోనే వినబడతాయి.

సి ప్లస్ ప్లస్ కోడ్‌ను కంపైల్ చేసే, అంటే కంప్యూటర్ నడపగల రూపంలోకి మార్చే, పరికరాల సెట్ ఆర్‌టూల్స్. విండోస్‌లో ముందు దాన్ని వేసుకోవాలి. నా ఆర్ 4.3, నేను దించినది అంతకు ముందు వెర్షన్‌ది. కంపైల్ చేసే పరికరాలు దొరకలేదని అదే గోల. ఆర్‌టూల్స్ 43 వేశాక నోరు మూసింది. ఒక సాయంత్రం పోయింది, అంతే. తర్వాత లెక్కపెట్టడంలో తేడా. ఆర్‌లో మొదటి గడి ఒకటి, సి ప్లస్ ప్లస్‌లో సున్నా. అది తెలిసి కూడా రెండుసార్లు పడ్డాను.

మూడో రోజుకి ప్రోగ్రాం నడిచింది. నడిచి వచ్చేంత టైం పట్టేది కాస్తా టీ గ్లాసు పట్టుకునేలోపు అయిపోయింది. మధురవాడలో ఉద్యోగం చేసే మా తమ్ముడు ఆదివారం ఇంటికొస్తే గర్వంగా గ్రాఫ్ చూపించాను, కలగలపకముందు అసలు రోజుల వరుసకు వచ్చిన వారం మొత్తాలది.

"అక్కా, ఇదేటే? ఈ వారం చేపల్ని మళ్లీ సముద్రంలో పోసేశారేటి?"

ఏప్రిల్ 15తో ముగిసే వారం మొత్తం మైనస్ రెండు వందల కోట్ల కిలోలకు పైనే. 16న మామూలుగా ఉంది. 17న మళ్లీ మైనస్. 18న మళ్లీ మామూలు. 21 నుంచి జూన్ 14 దాకా మాత్రం పద్ధతిగా ఎన్ఏ. అదే నన్ను ఎక్కువ తికమక పెట్టింది. మొత్తం తప్పయితే తప్పని తెలుస్తుంది, మధ్యలో సరిగ్గా వస్తే ఎక్కడని వెతకాలి?

రాత్రి పదకొండింటికి దొరికింది. పూర్ణాంకాల్లో ఎన్ఏ అంటే ఆర్ లోపల దాచుకునేది -2147483648, అంటే ఒక పూర్ణాంకానికి ఇచ్చే 32 బిట్ల (0, 1 గడుల) జాగాలో పట్టే అతి చిన్న సంఖ్య. అది ఖాళీకి గుర్తని ఆర్‌కి తెలుసు. సి ప్లస్ ప్లస్‌కి అది ఉత్త సంఖ్య, కూడేస్తుంది. వారంలో ఒక ఖాళీ ఉంటే పెద్ద మైనస్. రెండు ఉంటే మొత్తం 32 బిట్లు దాటి చుట్టు తిరిగి సున్నా అవుతుంది, మిగిలిన ఐదు రోజుల మొత్తం అమాయకంగా బయటికొస్తుంది. అలా చుట్టు తిరగాలని సి ప్లస్ ప్లస్‌లో నియమమేమీ లేదు, నా కంప్యూటర్‌లో అలా జరిగింది. ఏడూ ఖాళీలైతే ఆరు జతలుగా సున్నా అయిపోయి, మిగిలిన ఒక్కదానితో మళ్లీ సరిగ్గా -2147483648 దగ్గరికే వస్తుంది, దాన్ని వెనక్కి తీసుకున్న ఆర్ ఎన్ఏ అని చూపిస్తుంది. అంటే సరైన జవాబు కూడా పొరపాటునే వచ్చింది!

కూడే ముందు ప్రతి గడినీ ఎన్ఏనా అని అడిగే ఒక్క లైను చేర్చాను. 16న కనబడిన ఆ మామూలు అంకె తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే. మైనస్ కనబడింది కాబట్టి పట్టుకున్నాం.

అంచనాల భాగం తమ్ముడు పైథాన్ అనే మరో భాషలో రాశాడు. దాన్ని ఆర్ నుంచి రెటిక్యులేట్ అనే ప్యాకేజీతో పిలిచాను. ఏడు రోజులని 7 పంపితే పైథాన్‌కి 7.0గా చేరి, పూర్ణాంకం కావాలని మొరాయించింది. ఆర్‌లో 7 పక్కన ఎల్ అక్షరం పెట్టాలి. కంప్యూటర్‌లో రెండు పైథాన్లున్నాయి, రెటిక్యులేట్ నాకు అక్కర్లేనిదాన్ని పట్టుకుంది. ఒకసారి పట్టుకున్నాక ఆ సెషన్ మూసి తెరిస్తే తప్ప వదలదు. ఆ తర్వాత పైథాన్‌లో పట్టికలకు వాడే పాండాస్‌లో మా లెక్కల పట్టిక తెరిచి చూద్దును కదా, అదే పాత ముఖం, -2147483648.

"ఉండక్కా, దశాంశాలుగా మార్చి పంపు" అన్నాడు. మార్చాను. దశాంశ సంఖ్యల్లో ఎన్ఏని నాన్ అనే ప్రత్యేక రూపంలో దాస్తారు, అది దేనితో కూడినా నాన్‌గానే మిగులుతుంది. ఆర్ తన ఎన్ఏని గుర్తుపట్టడానికి ఆ నాన్ లోపల 1954 అనే అంకె పెట్టుకుంటుందని అప్పుడే తెలిసింది. పుట్టుమచ్చలాగా.

కొత్త గ్రాఫ్ ప్రింటు తీసి బాబాయ్‌కి చూపించాను. వేలితో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా గీసి, "ఇది బాగుంది" అన్నాడు. వేలు ముందుకెళ్లి నవంబర్‌లో ఆగింది. అక్కడ నాలుగు రోజుల ఖాళీ.

"తుపానా బాబాయ్?"

"కాదమ్మా, మా మేనకోడలి పెళ్లి. బోట్లు ఎల్లాయి, నేనే రాలేదు."