డిస్క్ తుడిచే ముందు నెట్ ఎక్కించిన కథ

నాన్న పాత లాప్‌టాప్‌లో విండోస్ తెరుచుకునేలోపు కాఫీ తాగి గ్లాసు కడిగేయొచ్చు. దాన్ని తీసేసి, విండోస్ బదులు వాడే ఉచిత సిస్టమ్ లైనక్స్ మింట్ పెడదామని కూర్చున్నా. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ (స్టార్ట్) అవమంటే మొండికేసింది, సరేనని అటక మీది ఖాళీ డీవీడీల్లో ఒకటి తీసి బర్న్ చేశా. డ్రైవు గరగరమంటూ చాలాసేపు తిరిగాక లైవ్ డెస్క్‌టాప్, అంటే ఇన్‌స్టాల్ చేయకుండానే డీవీడీ నుంచి నడిచేది, వచ్చింది. అన్నీ బాగున్నాయి, వైఫై తప్ప. మా ఇంటి పేరు కాదుకదా, పక్కింటి నెట్‌వర్క్ పేరు కూడా కనబడలేదు.

నెట్ లేకపోయినా ఇన్‌స్టాల్ అయిపోతుంది, అది నాకూ తెలుసు. కానీ నాన్నకి కావాల్సిందే పొద్దున్నే ఈ-పేపరు. వైఫై పని చేస్తుందో లేదో తేలకుండా విండోస్ తుడిచేసి, తర్వాత ఆయన మొహం ఎలా చూడను?

ముందు టెర్మినల్లో (కమాండ్లు టైప్ చేసే కిటికీలో) ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్ అనే కమాండ్ కొట్టి చూశా, లాప్‌టాప్ పక్కనున్న చిన్న వైఫై స్విచ్ ఏమైనా ఆపేసి ఉందేమోనని. అది కాదు. లోపలున్న పరికరాల జాబితా చూపే ఎల్‌ఎస్‌పీసీఐ కొడితే వైఫై చిప్ పేరు శుభ్రంగా వచ్చింది (కంపెనీ పేరు ఎందుకులెండి), అంటే హార్డ్‌వేర్ కనబడుతోంది. సిస్టమ్ రాసుకునే సందేశాలు చూపే డీమెసేజ్ కొడితే అసలు సంగతి తెలిసింది, ఫర్మ్‌వేర్ ఫైలు దొరకలేదట. చిప్‌ని నడిపే డ్రైవర్ లైనక్స్ మూలభాగమైన కెర్నెల్లోనే ఉంది, కానీ చిప్‌లోకి ఎక్కించాల్సిన చిన్న ప్రోగ్రామ్‌ని లైసెన్సు కారణంగా డీవీడీలో పెట్టలేదు, నెట్ నుంచి దించుకోవాలి. నెట్ ఎక్కాలంటే నెట్ కావాలి. పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు, పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు అన్నట్టుంది వ్యవహారం.

రౌటర్ పై అంతస్తులో ఉంది, అంత పొడుగు లాన్ కేబుల్ నా దగ్గర లేదు. ఫోన్ గుర్తొచ్చింది. ఛార్జర్ కేబుల్ తగిలించి, సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ని కేబుల్ గుండా లాప్‌టాప్‌కి ఇచ్చేది) చూస్తే ఆ బటన్ బూడిద రంగులో ఉంది, నొక్కితే కదలదు. ఫోన్ ఛార్జ్ మాత్రం అవుతోంది. అరగంట ఫోన్ సెట్టింగ్స్ అన్నీ కెలికి, రెండుసార్లు రీస్టార్ట్ చేసి, లైనక్స్‌నీ తిట్టుకుని, చివరికి తప్పంతా కేబుల్‌దని తెలుసుకున్నా. బస్టాండు దగ్గర కొన్న చవక కేబుల్, అందులో కరెంటు తీగలే తప్ప డేటా తీగలు లేవు! ఫోన్‌తో పాటు వచ్చిన కేబుల్ పెట్టగానే బటన్ వెలిగింది, ఆన్ చేసిన కాసేపటికి లాప్‌టాప్ మూలన వైర్డ్ కనెక్షన్ అని వచ్చింది. వేరే డ్రైవర్ ఎక్కించక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు.

ఇంకోటి, చాలామందికి తెలియనిది. ఫోన్ ఇంటి వైఫైలో ఉంటే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు ఆ వైఫైనే కేబుల్ గుండా ఇస్తాయి, సిమ్ డేటా ఖర్చవదు. నేనది చూసుకోకుండా మొబైల్ డేటాతోనే మొదలుపెట్టి రోజు కోటాలో సగం ఊదేశా.

ఫర్మ్‌వేర్ ప్యాకేజీ దించి, డ్రైవర్‌ని ఒకసారి తీసి మళ్లీ ఎక్కిస్తే నెట్‌వర్క్ పేర్లన్నీ వరుసగా కనబడ్డాయి. ఈ-పేపరు తెరిచి నాన్నకి చూపించా, ఆయన సరేనన్నాకే డిస్క్ తుడిచా.

ఇన్‌స్టాల్ అయ్యి, డీవీడీ తీసి రీస్టార్ట్ చేస్తే వైఫై మళ్లీ మాయం. లైవ్‌లో చేసిందంతా ర్యామ్‌లోనే కదా, ఆపేయగానే పోయింది. తెలిసిన విషయమే, అయినా ఒక్క క్షణం గుండె జారింది.

"ఒరేయ్, రోజూ ఇలా ఫోన్ తగిలించాలా?" అన్నాడు నాన్న.

"లేదు నాన్నా, ఈ ఒక్కసారే" అని మళ్లీ అదే ప్యాకేజీ ఎక్కించా, ఈసారి నిలిచింది. ఆ మంచి కేబుల్‌కి ఎర్ర టేపు చుట్టి డ్రాయర్లో దాచా. మర్నాడు చూస్తే అమ్మ దాంతోనే ఫోన్ ఛార్జింగ్ పెట్టుకుంటోంది.