రెండు మెట్ల దారులు, ఒక భాగహారం

ఈ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా అక్క కూతురు ఇంటర్మీడియట్ గణిత పుస్తకం పట్టుకొని వచ్చి, సగటు మార్పు రేటు లెక్క తేలడం లేదని చెప్పింది. ఎక్స్ ఘనం అనే ప్రమేయానికి 0 నుంచి 3 వరకు ఉన్న అంతరంలో ఆ రేటు కనుక్కోవాలి. ఆమె రెండు కొసల దగ్గరా అవకలజం (ఒక్క బిందువు దగ్గర ప్రమేయం మారే రేటు) విలువలు 0, 27 తీసుకొని, వాటి సగటు 13.5 అని రాసింది. సరైన జవాబు 9. ప్రమేయం విలువ 0 నుంచి 27కు పెరిగింది, అందుకు పట్టిన అంతరం పొడవు 3, కాబట్టి 27ను 3తో భాగించడమే పని. ఎక్స్ వర్గం ఇచ్చి ఉంటే ఆమె పద్ధతిలోనూ సరైన జవాబే వచ్చేది. వర్గ ప్రమేయాలన్నిటికీ అది చెల్లుతుంది గనుకనే పిల్లలు దానిని సులభంగా వదలరని నా అనుమానం.

తిరుపతిలో ఉన్నవాళ్లు దీనికి ఉదాహరణ కోసం వెతకనక్కరలేదు. అలిపిరి నుంచి తిరుమలకు సుమారు 9 కిలోమీటర్లు, 3550 మెట్లు. శ్రీవారి మెట్టు దారిలో 2.1 కిలోమీటర్లు, 2388 మెట్లు. మెట్ల సంఖ్యను దూరంతో భాగిస్తే మొదటి దారికి కిలోమీటరుకు దాదాపు 394, రెండవదానికి దాదాపు 1137 వస్తాయి. శ్రీవారి మెట్టు ఎక్కేవాళ్లకు ఆయాసం ఎందుకు త్వరగా వస్తుందో ఈ రెండు అంకెలే చెబుతాయి. అయితే అలిపిరి దారిలో గాలిగోపురం దాకా మెట్లు ఎడతెరిపి లేకుండా ఉండి, ఆ తరువాత జింకల పార్కు మీదుగా చాలా దూరం నడక చదునుగానే సాగి, చివరకు మోకాళ్ల పర్వతం దగ్గర మళ్లీ నిటారుగా లేస్తుందన్న సంగతి 394లో ఎక్కడా కనబడదు. ఈ భాగహారానికి రెండు కొసలే తెలుసు. గ్రాఫు మీద అది ఆ రెండు బిందువులను కలిపే ఛేదన రేఖ వాలు మాత్రమే.

"అయితే మామా, ఎక్కి మళ్లీ దిగొచ్చేస్తే?" అని అడిగింది. ఎత్తును కాలంతో పోల్చి చూస్తే, బయలుదేరిన చోటికే చేరాము గనుక సగటు మార్పు రేటు సున్నా అన్నాను. మోకాళ్లు మాత్రం ఒప్పుకోవు.

తరువాత లెగ్రాంజ్ మధ్యమ మూల్య సిద్ధాంతం దగ్గరకు వచ్చాము. ప్రమేయం ఎక్కడా తెగకుండా, కొసల నడుమ అంతటా అవకలజం ఉండేలా సాగితే, అంతరంలో ఎక్కడో ఒకచోట అవకలజం సగటు మార్పు రేటుకు సమానమవుతుందని అది చెబుతుంది. ఎక్స్ ఘనానికి స్పర్శరేఖ వాలు, అంటే అవకలజం, 9 అయ్యే చోటు అంతరం మధ్యన ఉన్న 1.5 కాదు, వర్గమూలం 3, అంటే దాదాపు 1.73. మరి అలిపిరి దారిలో 394 ఎక్కడ తగులుతుందని ఆమె వెతకబోయింది. మెట్ల సంఖ్య ఒక్కొక్కటిగా దూకుతుందే తప్ప అవిచ్ఛిన్నంగా పెరగదు. మెట్టుకూ మెట్టుకూ నడుమ దాని అవకలజం సున్నా, మెట్టు దగ్గర అసలు ఉండనే ఉండదు. అందువల్ల ఆ సిద్ధాంతం అక్కడ వర్తించదు, 394 ఏ బిందువు దగ్గరా దొరకదు.