నీటి సంస్థల ‘గ్రోత్ అవుట్‌లుక్’ రిపోర్టు రాయడం: నా అనుభవం

వర్ధమాన దేశాల్లో పట్టణ తాగునీటి సంస్థలు రాబోయే పదేళ్లలో ఎంత పెరుగుతాయో అంచనా వేసి రిపోర్టు రాయమని నాకు అప్పగించారు. అంతకుముందు కరెంటు పంపిణీ సంస్థల మీద ఇలాంటివి రాశాను కాబట్టి మామూలు పద్ధతి తెలుసు. జనాభా ఎంత, పట్టణాలు ఎంత వేగంగా పెరుగుతున్నాయి, మనిషికి రోజుకు ఎన్ని లీటర్లు కావాలి, ఇవన్నీ గుణిస్తే డిమాండ్ వచ్చేస్తుంది. చదివిన మార్కెట్ రిపోర్టులు చాలావరకు ఇలాగే ఉన్నాయి. కానీ ప్రపంచంలో ఇప్పటికీ 200 కోట్ల మందికి పైగా సురక్షిత తాగునీరు సరిగా అందడం లేదు. డిమాండ్ ఉంటే చాలు సంస్థ దానంతటదే పెరుగుతుందనుకుంటే ఇంతమంది ఎందుకు మిగిలిపోయారు?

నీటి సరఫరాలో పనిచేసి రిటైరైన ఒక ఇంజనీరు గారిని కలిశాను. ఆయన నా ఎక్సెల్ షీటు చూసి, “తయారుచేసిన నీళ్లెన్ని, బిల్లు వేసిన నీళ్లెన్ని, ముందు ఆ రెండూ తెప్పించండి, మిగతావి తర్వాత” అన్నారు. ఈ రెండింటి మధ్య తేడానే నాన్-రెవెన్యూ వాటర్ అంటారు. పైపుల లీకేజీ, దొంగ కనెక్షన్లు, సరిగా తిరగని మీటర్లు, బిల్లు లేకుండా ఇచ్చే నీళ్లు అన్నీ అందులోకే వస్తాయి. ప్రపంచం మొత్తం మీద ఇలా పోయేది ఏడాదికి సుమారు 12,600 కోట్ల ఘనపు మీటర్లని 2019లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది.

ఆ అంకెలు తెప్పించాక అసలు టెన్షన్ మొదలైంది, ఎందుకంటే శాతాలు మోసం చేస్తాయి. రోజుకు రెండు గంటలే నీళ్లు వదిలే ఊళ్లో పైపులో ప్రెషర్ ఉండేదే రెండు గంటలు, కాబట్టి లీకయ్యేదీ ఆ రెండు గంటలే, కాగితం మీద నష్టం తక్కువగా కనిపిస్తుంది. అదే ఊరికి 24 గంటల సరఫరా మొదలుపెడితే పాత పైపుల్లోంచి రోజంతా కారుతుంది, నష్టం ఒక్కసారిగా పెరిగిపోతుంది. అందుకే శాతం పక్కన పెట్టి, రోజంతా ప్రెషర్ ఉంటే ఒక్కో కనెక్షన్‌కు రోజుకు ఎన్ని లీటర్లు పోతాయో లెక్కగట్టి చూడాలి. ఇది తెలిశాక చాలా పట్టికలు మళ్లీ మొదటినుంచి కట్టాను, సరఫరా గంటలు ఇవ్వని సంస్థలను పోలికలోంచి తీసేశాను.

రెండు నగరాల చరిత్ర నాకు దారి చూపించింది. కంబోడియా రాజధాని నామ్‌పెన్‌లో 1993 నాటికి తయారైన నీళ్లలో 72 శాతానికి బిల్లే లేదు. ఎక్ సొన్ చాన్ అనే ఇంజనీరు సంస్థ పగ్గాలు పట్టాక మీటర్లు పెట్టించారు, పాత పైపులు మార్పించారు, పెద్దవాళ్లయినా సరే డబ్బు కట్టకపోతే కనెక్షన్ కోయించారు. పదిహేనేళ్లు తిరిగేసరికి నష్టం 10 శాతం లోపుకి వచ్చింది, ఊరంతా 24 గంటల నీళ్లు. 2012లో ఆ దేశపు స్టాక్ ఎక్స్ఛేంజిలో మొట్టమొదట లిస్టయిన కంపెనీ ఇదే. కొత్త నీటిశుద్ధి కేంద్రాలూ కట్టారు, కానీ ఉన్న నీళ్లకు డబ్బు రావడం మొదలైంది కాబట్టే వాటికి తెచ్చిన అప్పు తీర్చగలిగారు.

ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాది ఇంకో కథ. 1997లో నగరాన్ని తూర్పు, పడమర అని రెండు ముక్కలు చేసి ప్రైవేటు సంస్థలకు ఇచ్చారు. ఎవరు తక్కువ నీటి చార్జీకి ఒప్పుకుంటే వాళ్లకే కాంట్రాక్టు; తూర్పు భాగానికి గెలిచిన బిడ్ అప్పటి చార్జీలో నాలుగో వంతుకు కాస్త ఎక్కువ, అంతే! అదే ఏడాది ఆసియా కరెన్సీ సంక్షోభం వచ్చి అక్కడి కరెన్సీ పెసో విలువ కూలిపోయింది. అంతకుముందున్న ప్రభుత్వ నీటి సంస్థ విదేశీ అప్పులో 90 శాతం పడమటి భాగం మీదే పెట్టారు, ఆదాయం పెసోల్లో, అప్పు డాలర్లలో, చివరికి ఆ కంపెనీ దివాలా స్థితికి చేరి చేతులు మారింది. అప్పు ఏ కరెన్సీలో ఉంది అన్న కాలమ్ నా షీటులో అప్పుడే చేరింది.

మా పైవాళ్లకు కావాల్సింది ఒకే అంకె, ఏటా ఎంత శాతం వృద్ధి అని. నేను ఇవ్వలేనన్నాను. నష్టాలు తగ్గించి, చార్జీలు నిర్వహణ ఖర్చుకు సరిపోయేలా సవరించి, బిల్లులు వసూలు చేసే సంస్థలకు ఒక అంచనా, కొత్త ప్రాజెక్టుల గ్రాంట్ల మీదే బతికే వాటికి ఇంకొకటి రాశాను. రెండో రకం వాటిల్లో పైపులు పెరుగుతాయి, మరమ్మతుకు డబ్బుండదు. చాలా వాదన జరిగాక ఒప్పుకున్నారు.

పేదల కనెక్షన్ల మీద రాసిన అధ్యాయం తీసేయమన్నారు, అది మాత్రం వదల్లేదు. కుళాయి లేని పేట ట్యాంకరు దగ్గర లీటరుకు కుళాయి ధర కన్నా ఎన్నో రెట్లు కడుతుంది, అంటే వాళ్ల దగ్గర డబ్బు లేదనడం తప్పు, ఒకేసారి కట్టాల్సిన కనెక్షన్ ఫీజే వాళ్లను ఆపుతోంది. నామ్‌పెన్‌లో ఆ ఫీజు పేదలకు తగ్గించి, వాయిదాల్లో కట్టనిచ్చారు. ఏ సంస్థ రిపోర్టు చూసినా ఇప్పుడు నేను ముందు వెతికేది ఆ వాయిదాల సంగతే.