సీజన్ కూరగాయల వంట పుస్తకం కోసం నేను పడ్డ పాట్లు

మొత్తానికి నా వెతుకులాట నిన్న సాయంత్రం ఒక కొలిక్కి వచ్చింది. రెండు పుస్తకాలు ఇంటికి వచ్చాయి. కోపం పూర్తిగా చల్లారకముందే రాసేస్తే, ఇలాంటి పుస్తకం కోసమే తిరుగుతున్న ఇంకెవరికైనా పనికొస్తుందని కూర్చున్నాను.

ఒక రైతు దగ్గర వారం వారం కూరగాయల బుట్ట తెప్పించుకుంటున్నాం. అందులో ఏం రావాలో మనం చెప్పేదేమీ ఉండదు, పొలంలో ఏది కోతకొస్తే అదే వస్తుంది. క్యాబేజీ రోజులొస్తే క్యాబేజీయే. నాకు తెలిసిన రెండు మూడు రకాలూ చేసేశాక ఇంట్లో వాళ్లు బుట్ట తెరవకముందే మొహాలు ముడుచుకోవడం మొదలైంది. "అన్నీ ఫోన్లో దొరుకుతుంటే పుస్తకమెందుకక్కా?" అన్నాడు మా తమ్ముడు. ఫోన్లో క్యాబేజీ అని కొడితే వెయ్యి వంటలొస్తాయి, వాటిలో సగం ఒకేలా ఉంటాయి. ఒక మనిషి ఏళ్ల తరబడి వండి, ఇది లేతగా ఉన్నప్పుడు ఇలా, ముదిరాక ఇలా అని ఒకచోట కూర్చి చెప్పింది కావాలి నాకు. ఆ మాట వాడికి అర్థం కాలేదు, వదిలేశాను.

ఆన్‌లైన్‌లో వెతకడం ఒక పూటలో అయిపోయింది. స్టార్లు నమ్మొద్దు. అయిదు స్టార్లు ఇచ్చినవాళ్లలో చాలామంది "ప్యాకింగ్ బాగుంది, ఫోటోలు అద్భుతం" అంటారు. అందులోది ఒక్కటైనా వండి రాసినవాళ్లు అరుదు. మూడు స్టార్లవి చదవండి, నిజంగా వండినవాళ్లు అక్కడుంటారు. శాంపిల్ పేజీల్లో ముందుమాట, నాలుగు ఫోటోలు చూపిస్తారు. నాకు కావలసిన చివరి పేజీలు, అంటే ఏ కూరగాయ ఏ పేజీలో ఉందో చెప్పే ఇండెక్స్, చాలావాటికి చూపించరు.

తర్వాత లైబ్రరీ. ఇది సులువుగానే అయింది, కానీ ఒక కిటుకు తెలియాలి. పుస్తకాలని విషయం వారీగా అంకెలతో సర్దే డ్యూయీ నంబర్లు వాడే లైబ్రరీల్లో మామూలు వంట పుస్తకాలు 641.5 దగ్గర ఉంటాయి. అందరూ అక్కడే వెతికి వెళ్లిపోతారు. పళ్ల వంటలు 641.64 దగ్గర, కూరగాయలవి 641.65 దగ్గర, నిల్వ చేసుకునేవి 641.4 దగ్గర విడివిడిగా ఉంటాయి. కౌంటర్లో అమ్మాయికే ఈ సంగతి నేను చెప్పాల్సి వచ్చింది, కాస్త గర్వంగానే చెబుతున్నాను. అక్కడ పుస్తకాలు తిరగేస్తుంటేనే నాకేం కావాలో తేలింది. ఇంటికి తెచ్చుకున్నవాటిలో రెండు నచ్చాయి కూడా. అయితే నూనె మరకల చేత్తో తిరగేసే పుస్తకం సొంతానిదై ఉండాలి కదా. అందుకే కొందామని వెళ్లాను. అసలు కథ ఇక్కడుంది.

అది పెద్ద పుస్తకాల షాపు. పేరు రాయను. వంటల విభాగంలో ఒక గోడ మొత్తం పుస్తకాలే. నేనో పద్ధతి పెట్టుకుని వెళ్లాను. పుస్తకాన్ని ముందు నుంచి చూడకూడదు. వెనక ఇండెక్స్ తెరిచి మూడు పేర్లు వెతకాలి: మన దగ్గర ఎప్పుడూ మిగిలిపోయేది ఒకటి, ఎలా వండాలో తోచనిది ఒకటి, ఆకుకూర ఒకటి. నా మూడూ క్యాబేజీ, ముల్లంగి, బీట్‌రూట్ ఆకులు. బీట్‌రూట్ ఆకులు తినొచ్చని, వాటికి విడిగా చోటివ్వాలని తెలిసిన రచయితైతే మిగతాదీ తెలిసే ఉంటుందని నా లెక్క. మంచి ఇండెక్స్‌లో క్యాబేజీ అనే మాట కింద వరసగా వంటలుంటాయి, పక్కన పేజీ నంబర్లు, చివర "ఇవీ చూడండి" అని ఇంకో రెండు. చెత్త ఇండెక్స్‌లో వంట పేర్లు మాత్రమే ఉంటాయి. ఒకదాంట్లో 'వాన వెలిసిన సాయంత్రం సూప్' అని 'వ' దగ్గర ఉంది. పేజీ తీసి చూస్తే అది క్యారెట్ సూప్. 'క' దగ్గర క్యారెట్ లేదు! బుట్టలో రెండు కిలోల క్యారెట్ పెట్టుకుని నిలబడ్డ మనిషికి వాన వెలిసిందో లేదో ఎందుకండీ?

అయిదారు పుస్తకాల్లో నిలబడి పోల్చుకోవడం కష్టమని ఒక్కొక్క దాని ఇండెక్స్‌లో క్యాబేజీ ఉన్న పేజీ ఫోన్‌తో ఫోటో తీసుకుంటున్నాను. సెక్యూరిటీ అబ్బాయి వచ్చి, "ఫోటోలు తీయకూడదు మేడమ్" అన్నాడు. "ఇవి వంటలు కావు బాబూ, వెనకున్న పేజీలు" అన్నాను. అతను మర్యాదగానే తలూపి వెళ్లాడు. రెండు నిమిషాల్లో మేనేజర్ వచ్చాడు.

"రోజూ చూస్తూనే ఉంటాం మేడమ్. ఫోటోలు తీసుకుని వెళ్లి ఇంట్లో వండుకుంటారు, పుస్తకం మాత్రం కొనరు." ఇదీ ఆయన మొదటి మాట. గొంతు తగ్గించలేదు. పక్కనే బిల్లింగ్ లైను. అందరూ తిరిగి చూశారు.

"ఇందులో క్యాబేజీ అన్న మాట, పేజీ నంబర్లు తప్ప ఏముందో చూడండి. దీంతో ఏం వండుకుంటానండీ?" అన్నాను ఫోన్ చూపించి. అక్కడే పొరపాటైంది ఆయనకి, ఫోన్ చేతిలోకి తీసేసుకున్నాడు. ఒక్కొక్క ఫోటో వేలితో జరుపుతూ, నా ముందే, లైనులో వాళ్ల ముందే చూశాడు. వాటి వెనకే మా ఇంటి ఫోటోలు మొదలవుతాయి. "అవి మావి" అని లాక్కోబోతే, "ఒక్క నిమిషం మేడమ్" అన్నాడు, పిల్లని గదమాయించినట్టు. డిలీట్ చేయించాడు. అంతటితో వదిలితే సరే. డిలీట్ చేసినవి ఉండిపోయే ఫోల్డర్ ఉంటుంది చూడండి, అది కూడా తెరిపించి అక్కడ కూడా తీయించాడు. "మళ్లీ వెనక్కి తెచ్చుకుంటారు, మాకు తెలుసు" అని నవ్వాడు. లైనులో ఒక పెద్దాయన జాలిగా, "అంతగా కావాలంటే ఒకటి కొనుక్కోవచ్చుగా అమ్మా" అన్నారు. మేనేజర్ మాటల కన్నా ఆ జాలే ఎక్కువ గుచ్చుకుంది. కొనడానికే వచ్చానని, రెండు కొందామనే వచ్చానని చెప్పడానికి నోరు రాలేదు. పుస్తకాలన్నీ అక్కడే పెట్టేసి వచ్చేశాను.

బయటికొచ్చేటప్పుడు తలుపు దగ్గర, గోడల మీద వెతికాను. ఫోటోలు తీయొద్దని ఎక్కడా బోర్డు లేదు. షాపు వాళ్లది, రూలు వాళ్లిష్టం, కాదనను. రూలుంటే రాసిపెట్టాలి. పైగా "కాపీరైట్ మేడమ్, కాపీరైట్" అని నాలుగుసార్లు అన్నాడు. దాని సంగతీ ఇంటికొచ్చి చూశాను. అమెరికా కాపీరైట్ ఆఫీసు అయితే ఉత్త పదార్థాల చిట్టాకి కాపీరైట్ ఉండదని చెబుతుంది. రచయిత తన మాటల్లో రాసిన వివరణకీ, ఫోటోలకీ ఉంటుంది. క్యాబేజీ, 42, 67, 113 అనే పేజీ నంబర్లకి ఇంత రభసా? ఆ షాపుకి ఇక వెళ్లను, ఇది మాత్రం ఖాయం.

ఒక మాట చెప్పుకోవాలి. వంట పుస్తకాలు టీపాయ్ మీద అలంకారానికి కొనేవాళ్లు పెరిగాక, పబ్లిషర్లకి వెనక పేజీల మీద శ్రద్ధ పోయింది. రెండు పేజీల నిండా టమాటా ఫోటో వేస్తారు, ఇండెక్స్ దగ్గరికొచ్చేసరికి కాగితం ఖర్చు గుర్తొస్తుంది. ఇండెక్స్ లేని వంట పుస్తకం ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి.

ఈ లోపు లైబ్రరీ పుస్తకాలతో ఇంకొన్ని సంగతులు తెలిశాయి. జనవరి, ఫిబ్రవరి అంటూ నెలల వారీగా సర్దిన పుస్తకం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ అది ఏ దేశంలో రాశారో ముందు చూడాలి. ఇంగ్లండ్ పుస్తకంలో ఆపిల్ సెప్టెంబర్, అక్టోబర్లలో వస్తుంది. ఆస్ట్రేలియాలో డిసెంబర్ అంటే నడి వేసవి, అక్కడ ఆపిల్ కోతలు ఫిబ్రవరి నుంచి మే దాకా. మంచే పడని ప్రాంతాల వాళ్లకి 'చలికాలపు దుంపలు' అనే అధ్యాయం ఎందుకు? అందుకే నెలల వారీ పుస్తకం వద్దు, కూరగాయల వారీగా ఉన్నది తీసుకోండి. ఏ నెలలో వచ్చినా, ఏ ఊళ్లో వచ్చినా గుమ్మడికాయ గుమ్మడికాయే.

అన్నిటికన్నా నాకు నచ్చింది ఒకే కూరగాయని దాని సీజన్ మొదట్లో, మధ్యలో, చివర్లో వేరువేరుగా చూసే పుస్తకం. సీజన్ మొదట్లో వచ్చే టమాటాలో రుచి పలుచగా ఉంటుంది కాబట్టి ఓవెన్‌లో కాల్చి చిక్కబరచమంటుంది. నడుమ వచ్చేవాటిని పచ్చివిగానే కోసి ఉప్పు చల్లి తినమంటుంది. చివర్లో మెత్తబడ్డవాటిని సాస్‌కి ఉడకబెట్టమంటుంది. బఠాణీ, మొక్కజొన్న విషయంలో కోసిన రోజే వండమని గట్టిగా చెబుతుంది, ఎందుకంటే కోసిన దగ్గర్నుంచి వాటిలో చక్కెర పిండిపదార్థంగా మారిపోతూ ఉంటుంది. ఆపిల్, అరటి, టమాటా వదిలే ఇథిలీన్ వాయువుకి పక్కనున్న ఆకుకూరలు తొందరగా పసుపెక్కుతాయి కాబట్టి విడిగా పెట్టమంటుంది. బుట్ట ఇంటికి రాగానే ముందు ఆకులు, తర్వాత కాయలు, చివరికి దుంపలు వండాలన్న వరస కూడా అందులోంచే నేర్చుకున్నాను. ఇది రాయని పుస్తకం వంటల చిట్టా మాత్రమే.

బరువు రాశారో లేదో కూడా చూడండి. "రెండు క్యారెట్లు" అంటే ఏ సైజువి? మా బుట్టలో వేలెడువీ వస్తాయి, మూరెడువీ వస్తాయి. గ్రాములు రాసిన పుస్తకాన్ని నమ్మొచ్చు. కప్పులు రాస్తే మళ్లీ ఏ దేశపు కప్పని చూసుకోవాలి: అమెరికాది సుమారు 237 మి.లీ., ఆస్ట్రేలియాది 250, జపాన్‌ది 200. ఆస్ట్రేలియా టేబుల్ స్పూన్ 20 మి.లీ., చాలా చోట్ల 15. కూరకైతే పరవాలేదు, పళ్లతో కేకు చేసేటప్పుడు తేడా కొడుతుంది.

నిల్వ పెట్టే పుస్తకాల దగ్గర మాత్రం నేను మొండిదాన్ని. పాత పుస్తకాల మీద మమకారం ఉంటే వేరే వంటలకు చూపించుకోండి. గాలి చొరకుండా సీలు వేసి బయట అరలో ఉంచే సీసాల విషయంలో కొత్త, పరీక్షించిన కొలతలున్న పుస్తకమే కావాలి. బోట్యులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషబాధ తెచ్చే బ్యాక్టీరియా బీజాలు మరిగే నీళ్లలో చావవు. పులుపు తక్కువున్న బీన్స్, మొక్కజొన్న లాంటివాటికి ఆవిరి ఒత్తిడితో సీసాలని మరిగే నీళ్ల కన్నా ఎక్కువ వేడి చేసే ప్రెషర్ క్యానర్ వాడాల్సిందే. పులుపు కొలిచే పీహెచ్ అంకె పెరిగేకొద్దీ పులుపు తక్కువన్నమాట; అందులో 4.6 అనేది గీత, దానికి పైన ఉన్నవన్నీ ఆ ప్రెషర్ క్యానర్ లెక్కలోకే వస్తాయి. టమాటా సరిగ్గా ఆ గీత దగ్గరే ఊగుతుంది. అందుకే అమెరికా వ్యవసాయ శాఖ ప్రతి అర లీటరు సీసాకీ ఒక టేబుల్ స్పూన్, లీటరు సీసాకి రెండు టేబుల్ స్పూన్ల బాటిల్ నిమ్మరసం కలపమంటుంది. పిండిన తాజా నిమ్మకాయ కాదు, దాని పులుపు కాయ కాయకీ మారుతుంది. పుస్తకంలో టమాటా సీసాల పేజీ తీయండి, నిమ్మరసం గానీ సిట్రిక్ యాసిడ్ గానీ లేకపోతే మూసేయండి. ఎత్తు ప్రదేశాల్లో నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి టైమ్ పెంచే పట్టిక కూడా ఉండాలి. లైబ్రరీ నుంచి తెచ్చిన వాటిలో ఒక అందమైన పాత పుస్తకంలో ఈ రెండూ లేవు. వెనక్కి ఇచ్చేటప్పుడు కౌంటర్లో అమ్మాయికి ఆ మాట చెప్పి మరీ ఇచ్చాను.

చివరికి కొన్నది పాత పుస్తకాలమ్మే చిన్న కొట్టులో. ఆయన ఒక స్టూలు ఇచ్చి, "తీరిగ్గా చూసుకోండమ్మా" అని తన పని తాను చూసుకున్నారు. ఇండెక్స్ ఫోటో తీసుకోవచ్చా అని అడిగితే వింతగా చూసి, "పుస్తకమే పట్టుకెళ్లి చూసి రేపివ్వండి" అన్నారు. కూరగాయల వారీగా ఉన్నది ఒకటి, నిల్వ పద్ధతులది ఇటీవలి ముద్రణ ఒకటి తీసుకున్నాను. మొదటిది కుట్టు బైండింగు. బల్ల మీద తెరిచి పెడితే తెరిచినట్టే ఉంటుంది. జిగురుతో అంటించినవాటిని నొక్కి పట్టుకోవడానికి మూడో చెయ్యి కావాలి.

పళ్ల పుస్తకం సంగతే ఇంకా తేలలేదు. నేను చూసినవన్నీ కేకులు, పైలు, జామ్‌లే. పళ్లని కూరలో, సలాడ్‌లో, పచ్చడిలో ఎలా వాడాలో చెప్పేది కావాలి నాకు. లైబ్రరీ కేటలాగ్‌లో 641.64 కింద ఒకటి కనిపించింది, ఎవరో తీసుకెళ్లారట. రిజర్వ్ చేసి వచ్చాను. చేతికి రాగానే ఇండెక్స్‌లో ఆపిల్ కింద చూస్తాను. అక్కడ కూడా కేకులే ఉంటే అక్కడికక్కడే కౌంటర్లో ఇచ్చేస్తాను.