ఐదున్నర మెట్టు

పోయిన శనివారం రాత్రి నాన్నని ఊళ్ళోనే ఒక పెద్ద హోటల్‌కి తీసుకెళ్ళాం. ఆయనకి 76 నిండాయి, ఏదో ఒకటి చెయ్యాలని మా ఆయన పట్టుబట్టారు. హోటల్ పేరు అక్కర్లేదు. అద్దాల తలుపు, తామర మొగ్గల్లా మడిచి నిలబెట్టిన నాప్‌కిన్లు, గుసగుసలాడే సర్వర్లు. ఓ మూల గోడకి ఆనించి నల్లటి పియానో, బీరువా అంత. దాని ముందు పాతికేళ్ళ కుర్రాడు మెల్లగా పాత సినిమా పాటలు వాయిస్తున్నాడు.

మేం మెనూ చూస్తుంటే నాన్న కుర్చీ అటు తిప్పుకుని కూర్చున్నాడు.

"ఏటమ్మా, ఇన్ని మెట్లా?"

88 అని చెప్పాను. తెల్లవి 52, నల్లవి 36. నాన్న చేతిలోంచి వెళ్ళిన హార్మోనియం పెట్టెల్లో పెద్దవాటికి కూడా 42 దాటేవి కావు.

నాన్న విజయనగరం గంటస్తంభం దగ్గర సందులో 40 ఏళ్ళు హార్మోనియాలు బాగుచేశాడు. పద్యనాటకాల వాళ్ళవి, భజన మండళ్ళవి, చర్చిలవి. లోపల స్వరం పలికే ఇత్తడి రీడుని కొన దగ్గర గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదలు దగ్గర గీకితే తగ్గుతుంది. ఆ గీకుడు వింటూనే నేను హోంవర్కు చేసుకునేదాన్ని. ఒక వెంట్రుకవాసి ఎక్కువ గీకాడంటే రీడు పోయినట్టే, ఆ పూట ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు.

అలాగని ఆ పెట్టెకి ఈ ఊళ్ళో గౌరవం ఉందా అంటే, లేదు. 1919 నుంచీ సంగీత కళాశాల ఉన్న ఊరు మాది, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన చోటు. వయొలిన్ కూడా పడమటి దేశాల నుంచి వచ్చిందే కదా. కానీ తీగ మీద వేలు జారుతుంది, స్వరాన్ని ఊపే గమకం పలుకుతుంది, అందుకని మనవాళ్ళు కలిపేసుకున్నారు. మెట్టుకీ మెట్టుకీ మధ్య జారడానికి ఏముంది? రేడియో వాళ్ళయితే 1940లో హార్మోనియాన్ని గుమ్మం బయట నిలబెట్టి 1971 దాకా లోపలికి రానివ్వలేదు. ఆ మాట ఎత్తితే నాన్నకి ఇప్పటికీ కోపమే.

సూపు వచ్చింది. నాకు నచ్చలేదు, మైదా వాసన.

"చూశావా, మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా!" అన్నాడు నాన్న. హార్మోనియం మెట్టుని గుద్దినా అదే శబ్దం, బలమంతా గాలి ఊదే తిత్తిది. పియానోలో మెట్టు నొక్కితే లోపల ఉన్ని తొడిగిన సుత్తి వెళ్ళి తీగని కొడుతుంది. నాన్న స్పూను వదిలేసి టేబుల్ అంచు మీద వేళ్ళతో బలంగా ఒకసారి, మెత్తగా ఒకసారి కొట్టి చూసుకున్నాడు.

కాసేపటికి నుదురు ముడిపడింది. "ఆ అబ్బాయి ఐదున్నర తప్పించి వాయిస్తున్నాడు."

నాన్న లెక్కలో తెల్ల మెట్లు ఒకటి నుంచి ఏడు, ఐదుకీ ఆరుకీ మధ్య నల్ల మెట్టు ఐదున్నర. నాకేం తెలియలేదు. పాట బాగానే ఉంది. "మధ్యలో ఉన్న ఐదున్నర. రావలసిన చోట పైస్థాయిది వేస్తున్నాడు. చూడు, చూడు." చూశాను. ఒకచోట పొరపాటున దాన్ని నొక్కేశాడు. మెట్టు దిగింది, లేవలేదు. కుర్రాడు పాట ఆపకుండానే చిటికెన వేలి గోరుతో దాన్ని కింద నుంచి పైకి ఎగదోశాడు. హాల్లో ఎవరూ తల ఎత్తలేదు.

ఇక పనీర్ ఏమైందో, నాన్లు ఏమయ్యాయో నాన్నకి తెలీదు. కర్డ్ రైస్ అని దానిమ్మ గింజలు జల్లి పెరుగన్నం తెచ్చారు, అదీ రెండు ముద్దలే. కుర్రాడు వాయించడం ఆపి మంచినీళ్ళు తాగుతుంటే నాన్న లేచి వెళ్ళిపోయాడు. నాకు టెన్షన్, వెనకే పరిగెత్తాను.

"ఎన్నాళ్ళ నుంచి బాబూ ఇది?"

కుర్రాడు ముందు భయపడ్డాడు. తర్వాత నవ్వాడు. "వానలు మొదలైన దగ్గర్నుంచీ, తాతగారూ. చెప్పాను, ఎవరూ పట్టించుకోలేదు." బొబ్బిలి దగ్గర పల్లెట అతనిది. చర్చిలో కీబోర్డు వాయించి నేర్చుకున్నాడట.

నాన్న మా ఆయన విజిటింగ్ కార్డు అడిగి తెప్పించుకుని మెట్ల సందులో దూర్చి మెల్లగా లాగాడు. గులాబీరంగు సోంపు గింజ ఒకటి బయటికొచ్చింది. నాన్న మొహం వెలిగిపోయింది. హార్మోనియాల్లోంచి చింతపిక్కలు, పిన్నీసులు, అయిదు పైసల బిళ్ళలు తీసిన మనిషి మరి! మెట్టు నొక్కాడు. దిగింది. మళ్ళీ లేవలేదు.

"ఇది కాదు. తేమకి ఉబ్బినట్టుంది," అన్నాడు చివరికి. పైన ఏసీ గాలి సరిగ్గా పియానో నెత్తినే పడుతోంది. "నూనె మాత్రం వెయ్యనివ్వకు. తెలిసినవాడొచ్చే దాకా ఆ పాట ఆరు శ్రుతిలో వద్దు, ఏడుకి జరుపుకో. ఐదున్నర జోలికే వెళ్ళక్కర్లేదు."

కుర్రాడు ఏడులో రెండు వరుసలు వాయించి చూశాడు. మొదటిసారి చెయ్యి తడబడింది, రెండోసారి కుదిరింది.

బిల్లు కట్టి వెళ్తుంటే పియానో పక్క స్టూలు మీద, జానెడు దూరంలో, సోంపు గిన్నె కనిపించింది. మా ఆయన చెయ్యి చాపేలోగా నాన్న ఆ గిన్నె తీసుకెళ్ళి తలుపు దగ్గర కౌంటరు మీద పెట్టి వచ్చాడు.