ఓడ వైద్యుల రోగి పుస్తకాలు: క్యూ ఆర్కైవ్స్‌లో నా అనుభవం

పందొమ్మిదో శతాబ్దపు బ్రిటిష్ యుద్ధనౌకల్లో జబ్బుపడినవారికి, గాయపడినవారికి ఎలాంటి వైద్యం అందేదో తెలుసుకోవాలంటే, లండన్ శివార్లలో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌ను మించిన ఆధారం మరొకటి లేదు. ఓడలో పనిచేసే సర్జన్ తాను చూసిన రోగుల వివరాలను ఒక పుస్తకంలో రాసి పై అధికారులకు అప్పగించాలన్నది ఆనాటి నియమం. అన్ని ఓడల పుస్తకాలూ మిగలలేదు గాని, మిగిలినవి నౌకాదళ శాఖ (అడ్మిరల్టీ) పత్రాల్లో ‘ఏడీఎం 101’ అనే వరుసలో భద్రంగా ఉన్నాయి. వృత్తిరీత్యా వైద్యుణ్ణి కావడం వల్ల, ఇంగ్లండులో స్థిరపడిన తరువాత సెలవు దొరికినప్పుడల్లా వెళ్లి వాటిని చదువుతూ వచ్చాను. ఆ పుస్తకాల దాకా చేరడానికీ, చేరాక వాటిని అర్థం చేసుకోవడానికీ ఏమేం అవసరమయ్యాయో, వాటిలో నాకు ఏం కనిపించిందో రాస్తున్నాను.

అసలు పత్రాలను చేతిలోకి తీసుకోవాలంటే ముందుగా రీడర్ టికెట్ సంపాదించాలి. దానికి రుసుము లేదు. మన గుర్తింపునూ, చిరునామానూ రుజువు చేసే పత్రాలు చూపిస్తే చాలు. వెల్‌కమ్ ట్రస్టు ఆర్థిక సహాయంతో ఈ పుస్తకాలకు వివరమైన సూచిక తయారు కావడం వల్ల, ఓడ పేరుతోనే కాక రోగం పేరుతో కూడా ఇంటి నుంచే వెతుక్కోవచ్చు. చదివే గదిలోకి సంచులనూ కలాలనూ అనుమతించరు, పెన్సిలుతోనే రాసుకోవాలి. కెమెరాతో ఫొటోలు తీసుకోవచ్చు కనుక, చేతిరాత అర్థం కాని పుటలను ఇంటికి తెచ్చుకుని తీరిగ్గా చదువుకునే అవకాశం ఉంది. నా పనిలో ఎక్కువ భాగం అలా ఇంట్లోనే సాగింది.

ఈ పుస్తకాలన్నీ దాదాపు ఒకే పద్ధతిలో ఉంటాయి. ఎడమ వైపు రోగి పేరు, వయసు, ఓడలో అతని హోదా, జబ్బుపడిన తేదీ, అప్పుడు ఓడ ఉన్న చోటు ఉంటాయి. మధ్యలో రోగ లక్షణాలు, ఇచ్చిన మందులు, రోజురోజుకూ వచ్చిన మార్పులు ఉంటాయి. చివర అతను తిరిగి పనిలో చేరాడా, ఒడ్డున ఉన్న ఆసుపత్రికి పంపారా, మరణించాడా అన్నది రాస్తారు. మందుల పేర్లన్నీ లాటిన్‌లో, అదీ సగానికి కుదించి ఉంటాయి. నేను మొదట చేసుకున్న పని ఈ కుదింపులకు ఒక పట్టిక తయారుచేసుకోవడం. కాలోమెల్ అనే పాదరసపు మందు, వాంతి చేయించడానికి ఇపికాక్, నొప్పికి నల్లమందు, జ్వరానికి సింకోనా బెరడు, చేతి సిర కోసి ఇన్ని ఔన్సుల నెత్తురు తీశామన్న లెక్క: ఈ ఐదింటినీ గుర్తుపట్టగలిగితే చాలా పుటల్లో సగం చదివినట్టే. నాకంటే ముందు ఈ దారిలో నడిచినవారు చెప్పిన మరో సలహా కూడా బాగా పనికివచ్చింది. పుస్తకాన్ని మొదటి పుట నుంచి కాకుండా, చివర సర్జన్ రాసిన సాధారణ వ్యాఖ్యల నుంచి మొదలుపెట్టాలి. ఓడ ఎక్కడెక్కడ లంగరు వేసింది, వాతావరణం ఎలా ఉంది, తాగునీరు ఎక్కడ నింపుకున్నారు, ఏ రోగం ఎప్పుడు ప్రబలింది అన్నవి అక్కడే తెలుస్తాయి. అతని చేతిరాతకు కళ్లు అలవాటుపడేదీ అక్కడే.

నౌకాదళ వైద్యమంటే ఫిరంగి గుండ్లు, తెగిపడిన కాళ్లు గుర్తుకు రావడం సహజం. పుస్తకాలు చూపించేది మాత్రం వేరు. 1793 నుంచి 1815 వరకు ఫ్రాన్సుతో సాగిన యుద్ధాల్లో మరణించిన బ్రిటిష్ నావికుల్లో శత్రువు చేతిలో చనిపోయినవారు పదోవంతు కూడా లేరని చరిత్రకారుల అంచనా. మిగిలినవారిని రోగాలు, ప్రమాదాలు, ఓడలు మునిగిపోవడం బలిగొన్నాయి. పుట తర్వాత పుట చదువుతుంటే కనిపించేవి జ్వరాలు, రక్త విరేచనాలు, దగ్గులు, మానని కాలి పుండ్లు, సుఖవ్యాధులు, తెరచాప కొయ్య మీద నుంచి పడి విరిగిన ఎముకలు. బరువైన పీపాలు, తాళ్లు లాగడం వల్ల వచ్చే హెర్నియా ఎంత ఎక్కువగా ఉండేదంటే, దానికి కట్టే పట్టీలు ఓడ వైద్య సామగ్రిలో తప్పనిసరి భాగం.

అయినా యుద్ధదినాన సర్జన్ చేసిన పనిని తక్కువ చేసి చెప్పలేను. 1805 అక్టోబరు 21న ఫ్రెంచి, స్పెయిన్ నౌకలతో జరిగిన ట్రఫాల్గర్ యుద్ధంలో, బ్రిటిష్ నౌకాదళానికి నాయకత్వం వహించిన అడ్మిరల్ నెల్సన్ ఉన్న విక్టరీ నౌకలో 57 మంది చనిపోయారు, 102 మంది గాయపడ్డారు. నెల్సన్ సహా గాయపడినవారందరినీ మోసుకువచ్చింది నీటిమట్టానికి దిగువన, పగటి వెలుతురు సోకని అంతస్తులో సర్జన్ విలియం బీటీ పనిచేస్తున్న చోటికే. లాంతర్ల వెలుగులో, పైన ఫిరంగులు పేలుతూ ఓడంతా అదురుతుండగా అతను కాళ్లూ చేతులూ తీశాడు. మత్తుమందులైన ఈథర్ 1846లోనూ క్లోరోఫాం 1847లోనూ గాని శస్త్రచికిత్సల్లోకి రాలేదు కనుక రోగికి మత్తు లేదు. చేయి కడుక్కోవాలన్న ఆలోచన అప్పటికి దాదాపు ఎవరికీ లేదు. ఆ పరిస్థితుల్లో గాయపడినవారిలో అత్యధికులు బతికి బయటపడ్డారన్నది ఒక వైద్యుడిగా నన్ను ఎంతో కదిలించిన విషయం. వాళ్లు యౌవనంలో ఉన్న దృఢకాయులు కావడం, గాయమైన కొద్ది గంటల్లోనే శస్త్రచికిత్స జరగడం అందుకు కారణాలని నా అభిప్రాయం. ఒడ్డున యుద్ధభూమిలో గాయపడిన సైనికుడు సర్జన్ దగ్గరికి చేరడానికి ఒక్కోసారి రోజులు పట్టేది. ఓడలో ఆ దూరం కొన్ని నిచ్చెనమెట్లే.

ఇక్కడే మరొకరిని కూడా తలచుకోవాలి. 1803 అక్టోబరులో టొనాంట్ అనే నౌకలో ఒక వ్యక్తి గొంతు కోసుకున్నాడు. కొన్ని రోజుల తరువాత అతని మెడలోని ప్రధాన ధమని తెగి నెత్తురు చిమ్మినప్పుడు, సర్జన్ డేవిడ్ ఫ్లెమింగ్ ఆ ధమనినే దారంతో కట్టేసి ప్రాణం నిలబెట్టాడు. సలహా అడగడానికి పక్కన పెద్ద ఆసుపత్రి లేదు, అనుభవజ్ఞులైన గురువులు లేరు. ఆ నిర్ణయం తీసుకోవడానికి ఎంత ధైర్యం కావాలో శస్త్రచికిత్స గదిలో నిలబడినవారెవరికైనా తెలుస్తుంది.

నేను అన్నిటికంటే ఎక్కువ కాలం గడిపింది పశ్చిమాఫ్రికా తీరంలో బానిస వ్యాపారాన్ని అడ్డుకోవడానికి గస్తీ తిరిగిన ఓడల పుస్తకాలతో. అక్కడి జ్వరాలు ఓడలకు ఓడలనే ఖాళీ చేశాయి. 1841లో ఆల్బర్ట్, విల్బర్‌ఫోర్స్, సూడాన్ అనే మూడు ఆవిరి నౌకలు నైజర్ నది మీదుగా లోపలికి వెళ్లాయి. కొన్ని వారాల్లోనే యూరోపియన్లలో అత్యధికులు జ్వరంతో మంచం పట్టారు; వారిలో నాలుగోవంతుకు పైగా మరణించారు. ఆల్బర్ట్ నౌకలో కెప్టెన్ దగ్గరి నుంచి ఇంజనీర్ల వరకు అందరూ పడిపోతే, సర్జన్ జేమ్స్ మెక్‌విలియం ఓడను నడిపే బాధ్యత తనమీద వేసుకున్నాడు. భూగర్భ శాస్త్రవేత్తగా వచ్చిన డాక్టర్ స్టాంగర్ ఆవిరి యంత్రాన్ని చూసుకున్నాడు. అలా ఇద్దరూ కలిసి రోగులతో నిండిన ఆ నౌకను నదిలో సముద్రం వైపు తీసుకువచ్చారు. పగలు సుక్కాని దగ్గర ఆదేశాలిచ్చి, మధ్యమధ్యలో కిందికి దిగి రోగులను చూసుకున్న ఆ మనిషిని తలచుకుంటే నాకు ఇప్పటికీ గౌరవంతో మనసు నిండిపోతుంది.

ఆ జ్వరానికి కారణం చిత్తడి నేలల నుంచి లేచే చెడుగాలి అని ఆనాటి వైద్యుల్లో చాలామంది నమ్మారు. ఆ నమ్మకం తప్పే గాని, దాని వెనుక ఉన్న పరిశీలన తప్పు కాదు. ఓడ తీరానికి దూరంగా లంగరు వేస్తే నావికులు ఆరోగ్యంగా ఉండేవారనీ, పడవల్లో నదుల్లోకి వెళ్లి రాత్రి అక్కడే గడిపినవారు రెండు వారాల్లో చలిజ్వరంతో పడిపోయేవారనీ వాళ్లు తేదీలతో సహా రాసిపెట్టారు. దోమ పేరు ఎక్కడా లేదు; దోమ చేసిన పని మాత్రం అడుగడుగునా ఉంది. ఇలాంటి రికార్డులన్నిటినీ క్రోడీకరించి నౌకాదళ వైద్యుడు అలెగ్జాండర్ బ్రైసన్ 1847లో ఒక నివేదిక సమర్పించాడు. జ్వరం వచ్చాక ఇవ్వడం కాదు, ఒడ్డుకు వెళ్లేవారికి ముందు నుంచే, వెళ్లి వచ్చాక మరికొన్నాళ్ల పాటు క్వినైన్‌ను వైన్‌లో కలిపి ఇవ్వాలని అతను వాదించాడు. 1854లో నౌకాదళ సర్జన్ విలియం బేకీ నాయకత్వంలో ప్లయడ్ అనే నౌక అదే నైజర్ నదిలోకి వెళ్లింది. అందరికీ క్వినైన్ క్రమం తప్పకుండా ఇచ్చారు, ఒక్కరూ చనిపోకుండా తిరిగి వచ్చారు. 1841 నాటి పుస్తకాల తరువాత ఈ ఫలితాన్ని చదివితే గాని దాని విలువ తెలియదు. రోగకారణం తెలియకుండానే, కేవలం శ్రద్ధగా రాసుకున్న లెక్కల ఆధారంగా వేలాది ప్రాణాలను కాపాడే మార్గం కనుక్కోవచ్చని నాకు రుజువైంది ఇక్కడే. ఆ కారణం బయటపడింది మన సికింద్రాబాదులో. 1897 ఆగస్టు 20న బ్రిటిష్ వైద్యుడు రోనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. బేగంపేటలోని ఆ భవనాన్ని చూసినవారు చాలామందే ఉంటారు.

తెలిసినది కూడా మరుగున పడగలదనడానికి, విటమిన్ సి లోపం వల్ల వచ్చే స్కర్వీ రోగమే ఉదాహరణ. 1747లో నౌకాదళ సర్జన్ జేమ్స్ లిండ్ 12 మంది రోగులపై చేసిన పరీక్షలో నిమ్మ, నారింజ పండ్లు తిన్నవారే త్వరగా కోలుకున్నారు. 1795లో వైద్యుడు గిల్బర్ట్ బ్లేన్ ప్రోద్బలంతో నౌకాదళం నిమ్మరసాన్ని అనుమతించింది. ఆ తరువాత ఓడల్లో స్కర్వీ దాదాపు కనుమరుగైంది. అయినా 1875లో ఉత్తర ధ్రువం వైపు బయలుదేరిన అలర్ట్, డిస్కవరీ నౌకల మనుషులు మంచుబండ్లను లాగుతూ సాగిన యాత్రల్లో అదే రోగంతో కూలిపోయారు.

నేను ఇప్పుడు చేస్తున్న పని ‘ఆసుపత్రికి పంపాం’ అన్న మాటతో పుస్తకంలో అంతమైపోయిన రోగులను వెతకడం. సర్జన్‌కు వాళ్ల సంగతి ఆ రోజుతో ముగిసేది. కాని గోస్‌పోర్ట్‌లోని హాస్లర్ వంటి నౌకాదళ ఆసుపత్రుల హాజరు పట్టీలు ‘ఏడీఎం 102’ వరుసలో ఉన్నాయి. ఓడ పేరు, నావికుడి పేరు, పంపిన తేదీ మూడూ చేతిలో ఉంటే ఆ పట్టీల్లో అతను ఏ తేదీన చేరాడో, కోలుకుని ఓడకు తిరిగి వెళ్లాడో, సేవ నుంచి తొలగించారో, అక్కడే కన్నుమూశాడో చాలాసార్లు తెలుస్తుంది. ఒకే పేరున్న నావికులు తరచుగా ఎదురవుతారు కనుక పేరొక్కటే సరిపోదు, తేదీనీ ఓడనూ తప్పక సరిచూసుకోవాలి. ఈ పని మొదలుపెట్టేవారు పశ్చిమాఫ్రికా ఓడలతో కాకుండా ఇంగ్లండు, ఫ్రాన్సుల మధ్య సముద్రమైన ఇంగ్లిష్ చానెల్‌లో తిరిగిన ఓడలతో ఆరంభిస్తే మేలు. అక్కడి రోగులు కొద్ది రోజుల్లోనే హాస్లర్‌కో, ప్లిమత్‌కో చేరేవారు కాబట్టి ఓడ పుస్తకంలోని వివరాలూ ఆసుపత్రి పట్టీలోని వివరాలూ త్వరగా కలుస్తాయి.